అడుగు తీగ

టొలీడోలో, గ్రంథాలయం నేలమాళిగలో,
పాత టేపులకి దుమ్ము దులిపి
కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని.
ఈ వారం వచ్చిన అట్టపెట్టె మీద
లెమ్యుయెల్ స్ట్రోథర్ అని పెన్సిల్‌తో రాసుంది.
ఇంగువ కట్టిన గుడ్డలా
పెట్టెకి ఇంకా సిగార్ వాసన.

పదకొండు రికార్డుల్లో బాస్ వాయించాడు.
ఒక అట్ట మీద ఎల్. స్ట్రదర్స్,
ఇంకో అట్ట మీద ఎల్. బ్రదర్,
మూడింటి మీద అసలు లేడు.
ట్రంపెట్ ఊదినాయన కోటు గుండీలు మాత్రం
లెక్కపెట్టుకోవచ్చు.

చిన్న స్పీకర్లలో ఇతను వినపడడు.
ఆనాటి వంటింటి రేడియోలకి
అంత లోతు ఎక్కడిది?
కానీ తీసేస్తే
పియానో, చీకట్లో మెట్టు తప్పినట్టు తూలుతుంది.
తీసి చూశాను. తూలింది.

పగలు గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు,
రాత్రి డార్ స్ట్రీట్‌లో, కోడి వేపుడు వాసనల మధ్య
ఒంటిగంట దాకా.
కుడి చూపుడువేలికి రెండు కాయలు కాచాయట,
ఒకటి ఇనప గొట్టానిది, ఒకటి తీగది.
ఏది ఏదో అతనికే తెలిసేది కాదట.

హడ్సన్ కారు ముందు సీటు పీకేసి
అందులో బాస్‌ని పడుకోబెట్టేవాడు.
"ఇరవై ఆరేళ్ళు నేను వెనకే కూర్చున్నాను"
అంది వర్డెల్ స్ట్రోథర్ ఫోన్‌లో.
ఫిర్యాదులా కాదు,
ఇంటి గుర్తులు చెప్పినట్టు.

సొంత పేరుతో వచ్చింది ఒక్కటే, యాభై తొమ్మిదిలో.
ఆరు పాటలు, మూడొందల కాపీలు.
కంపెనీ మునిగింది.
గోదాములో మిగిలినవాటిని మామీ నది వరద ముంచింది.
మూడో షిఫ్టు. మంచు మీద ఉప్పు.
వర్డెల్‌కి చెప్పకు.
పేర్లు చదువుతుంటేనే
ఒక మనిషి జేబులు తడిమినట్టుంది.

ఇప్పుడు షికాగోలో ఎవరో మళ్ళీ వేస్తారట.
ఉత్తరం రాశారు:
నాలుగో టేక్‌లో వెనకాల ఏదో మూలుగు ఉంది, తీసేయగలరు.

బాస్ వాయించేవాళ్ళు మూలుగుతారు, మామూలే.
తెర మీద సన్నటి గీత,
అన్నంలో వెంట్రుకలా.
ఒక్క మీట నొక్కితే పోతుంది.

గురువారం సంతకాలకి వచ్చింది వర్డెల్.
ఎనభై ఎనిమిదేళ్ళు. ఉన్ని టోపీ తియ్యకుండానే
దాని మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.
"అది లెమ్ కాదు" అంది.
"నేను. బాబు ఏడుస్తుంటే తలుపు పక్కన నిలబడి ఊపుతున్నా."
కాసేపాగి,
"ఎవరు ముందో విను."

వెనక్కి తిప్పాను.
మూలుగు నాలుగు మెట్లు దిగుతోంది.
అర ఊపిరి తేడాతో
అవే నాలుగు మెట్లు
గోడ పట్టుకుని దిగుతున్నట్టు, బాస్.

"ఈ పాట అతనికి పట్టుబడేసరికి రెండు వారాలయింది.
వేళ్ళు మంచివి.
చెవే కొంచెం మొండి."

లేబుల్ మీద, రచన: ఎల్. స్ట్రోథర్.
మార్పించమంటారా అని అడిగాను.
చేతి తొడుగులు వెతుక్కుంటూ
"స్ట్రోథర్ అనే ఉందిగా" అంది,
"ముందున్న అక్షరంతో నాకేం పని?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకు
అనుకున్నాను.
అనుకుంటూనే రాత్రి ఎనిమిదింటి దాకా అక్కడే ఉన్నాను.
కాపలాదారు రెండుసార్లు తాళాలు గలగలలాడించి వెళ్ళాడు.

తొలగించిన శబ్దాలు అనే గడిలో
ఫ్యాను అని రాశాను,
పక్క పట్టాల మీద గూడ్సు బండి అని రాశాను.
అంతే.

గూడ్సు బండి వెళ్ళిపోయాక
ఆమె గొంతు ఇంకా తేటపడింది.
దాని పక్కనే, ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడనిది,
ఒక ఎక్కిలి.
తాళం తప్పి,
మళ్ళీ ఒకటి.